బ్రేకు కింద నలిగిన సీసా: చిన్న కారు లోపలి అమరికల వాడకం

ప్రశ్న: మూడు నెలల క్రితం మొదటిసారి కారు కొనుక్కున్నాం. చిన్న కారే. నేనూ మావారూ ఇద్దరమూ నడుపుతాం. నేను పొట్టి, ఆయన బాగా పొడవు. మాతోపాటు అత్తగారు, నాలుగేళ్ల పాప, పది నెలల బాబు ఉంటారు. కొత్త మోజులో సీటు కవర్లు, మందపాటి మ్యాట్లు, డ్యాష్‌బోర్డు మీద సెంటు సీసా, ఫోన్ హోల్డరు అన్నీ పెట్టించాం. మొన్న సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ పూర్తిగా దిగలేదు. రెండోసారి బలమంతా పెట్టి తొక్కితే గాని బండి ఆగలేదు. వంగి చూస్తే పాప నీళ్ల సీసా పెడల్ కింద నలిగి ఉంది. అప్పటి నుంచి కారులో ఏ వస్తువును చూసినా భయంగానే ఉంది. బెల్టు మెడకు ఒరుసుకుంటోందని అత్తగారు దాన్ని చంక కిందుగా పెట్టుకుంటున్నారు. మావారు నడుపుతున్నప్పుడు నేను బాబును ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటాను. ఇందులో ఏది తప్పో, ఏది కాదో చెప్పండి. ఇంకొకటి: పిల్లలు నిద్రపోతున్నప్పుడు ఏసీ వేసి ఉంచి, ఐదు నిమిషాలు దిగి వెళ్లవచ్చా?

సమాధానం: ఆ సీసా దగ్గరి నుంచే మొదలుపెడదాం. బ్రేకు పనిచేయాలంటే పెడల్ వెనక ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో ఏది చేరినా మీరు తొక్కిన బలం చక్రాల దాకా పోకుండా ఆ వస్తువు మీదే ఆగిపోతుంది. మీ పాప సీసా బహుశా సగం ఖాళీగా ఉండి నలిగింది. నిండా నీళ్లతో మూత బిగించి ఉన్న సీసా అంత తేలిగ్గా నలగదు. వెనక సీట్లోంచి జారిపడిన వస్తువు ముందు సీటు కింది సందులోంచి దొర్లుకుంటూ డ్రైవరు కాళ్ల దగ్గరికి చేరేది బండి వేగం తగ్గుతున్నప్పుడే, అంటే మీ కాలు బ్రేకు మీద ఉన్నప్పుడే. కాబట్టి సీసాలు, బంతులు, గుండ్రని డబ్బాలు తలుపు అరలోనో, మూత ఉన్న సంచిలోనో ఉండాలి తప్ప సీటు మీదా నేల మీదా ఉండకూడదు. నడిపేటప్పుడు విడిచిన చెప్పులను పెడల్స్ పక్కకు నెట్టి ఊరుకునే అలవాటు చాలామందికి ఉంది. అదీ ఇంతే ప్రమాదం. తాళం తిప్పే ముందు ఒకసారి తల వంచి కాళ్ల దగ్గర చూసుకోవడం మీరిద్దరూ అలవాటు చేసుకోండి.

మందపాటి మ్యాట్ల గురించి మీరు అడగలేదు గాని, సీసా కన్నా నాకు వాటి మీదే ఎక్కువ అనుమానం. డ్రైవరు వైపు మ్యాట్ ముందుకు జారితే బ్రేకు కిందికైనా దూరుతుంది, యాక్సిలరేటర్ పెడల్‌ను నొక్కిపెట్టి పైకి లేవకుండానైనా చేస్తుంది. చాలా కార్లలో డ్రైవరు పాదాల దగ్గర నేలకు ఒకటో రెండో కొక్కేలు ఉంటాయి. కారుతో వచ్చిన మ్యాట్‌కు వాటికి సరిపడే రంధ్రాలుంటాయి. మీరు కొన్న మ్యాట్‌ను ఆ పాత మ్యాట్ మీదే పరిచి ఉంటే వెంటనే తీసేయండి. ఒక్కటే ఉండాలి, అదీ కొక్కేలకు తగిలించి ఉండాలి. ఆ తర్వాత ఇంజను ఆపి ఉంచి ప్రతి పెడల్‌నూ చివరిదాకా తొక్కి వదిలి చూడండి. ఎక్కడైనా అంచు తగులుతున్నట్టు అనిపిస్తే ఆ మ్యాట్ మీ కారుకు పనికిరాదు. ఎప్పుడైనా నడుస్తున్న బండిలో యాక్సిలరేటర్ ఇరుక్కుంటే గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి బ్రేకును గట్టిగా తొక్కి పట్టండి. కంగారులో తాళంచెవి తీసేయకండి. తీస్తే స్టీరింగు లాక్ పడిపోవచ్చు, ఇంజను ఆగిపోవడం వల్ల బ్రేకు కూడా బిగుసుకుని మామూలు కన్నా చాలా బలం పెట్టవలసి వస్తుంది.

ఇక మిగిలిన వాటి సంగతి. కారు లోపలి రక్షణ అమరికలన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. మనిషి ఒక పద్ధతిలో, ఒక చోట కూర్చుని ఉంటాడన్న లెక్కతోనే బెల్టును, ఎయిర్‌బ్యాగును, హెడ్‌రెస్టును తయారుచేస్తారు. సీటు సర్దుబాటు తప్పిందంటే ఈ మూడూ తప్పినట్టే. మీ ఇంట్లో ఇద్దరు నడుపుతారు, ఇద్దరి కొలతలూ వేరు కాబట్టి, ఎవరు ఎక్కినా ముందు సీటు, తర్వాత స్టీరింగు, ఆ తర్వాతే అద్దాలు సర్దుకోవాలి. ఈ వరుస తప్పితే అద్దాలు మళ్లీ సర్దుకోవలసి వస్తుంది.

సీటును ముందుకూ వెనక్కూ జరిపేటప్పుడు క్లచ్చి పెడల్‌ను పూర్తిగా తొక్కి చూడండి. అప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. తర్వాత వీపును సీటుకు ఆనించి చెయ్యి చాస్తే మీ మణికట్టు స్టీరింగు పైఅంచు మీద ఆనాలి. మీరు పొట్టిగా ఉంటానన్నారు కాబట్టి మీకు ముఖ్యమైన కొలత మరొకటి ఉంది: మీ రొమ్ము ఎముకకూ స్టీరింగు మధ్యభాగానికీ కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఎయిర్‌బ్యాగు సెకనులో ఇరవయ్యో వంతు లోపే విచ్చుకుంటుంది. ఆ విచ్చుకుంటున్న క్షణంలో దానికి మరీ దగ్గరగా ఉన్న మనిషికి అది రక్షణ కాకుండా దెబ్బ అవుతుంది. ఆ దూరం చాలకపోతే సీటును కాస్త వెనక్కి జరిపి, వీపు భాగాన్ని కొంచెం వెనక్కి వాల్చుకోండి. సీటు ఎత్తు పెంచే మీట, స్టీరింగును పైకీ కిందికీ జరిపే మీట మీ కారులో ఉంటే వాటినీ వాడుకోండి. స్టీరింగు మధ్యభాగం మీ ముఖం వైపు కాకుండా ఛాతీ వైపు చూస్తుండాలి. జరపడం పూర్తయ్యాక సీటు ‘టక్’ మని పడిందో లేదో వినండి. విన్నా సరే, ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగి చూడండి. పట్టాలలో పళ్లకు సరిగా పడని సీటు బ్రేకు వేసినప్పుడు ఒక్కసారిగా జారుతుంది. కాబట్టి బండి నడుస్తున్నప్పుడు ఈ మీటల జోలికి అసలే వెళ్లకూడదు.

హెడ్‌రెస్టు పేరులో విశ్రాంతి ఉంది గాని అది తల వాల్చుకోవడానికి పెట్టింది కాదు. వెనక నుంచి మరో బండి గుద్దినప్పుడు ఒంటితోపాటు సీటు ముందుకు కదులుతుంది, తల మాత్రం వెనకబడి మెడ విరుచుకుంటుంది. దాన్ని ఆపడానికే అది ఉంది. దాని పైఅంచు తల పైభాగానికి సమానంగానో, కనీసం చెవుల పైభాగం వరకో రావాలి. తలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. నేను కూడా చాలా ఏళ్లు వెనక సీట్లో హెడ్‌రెస్టులను కిందికి నొక్కే ఉంచేవాణ్ణి, రివర్సు చేసేటప్పుడు అడ్డం వస్తున్నాయన్న ఒకే కారణంతో. ఒకసారి ఇంట్లో వాళ్లు వెనక కూర్చుని ఉండగా చూస్తే అవి వాళ్ల భుజాల దగ్గర ఆగిపోయి ఉన్నాయి. వెనక ఎవరూ లేనప్పుడు దించుకోవచ్చు గాని, మనిషి కూర్చుంటే పైకి లాగవలసిందే.

అత్తగారి బెల్టు విషయంలో మొహమాటపడకుండా చెప్పాలి. చంక కిందుగా పెట్టుకున్న బెల్టు ఉన్నా లేనట్టే, అంతే కాదు, కొన్నిసార్లు లేనిదానికన్నా ఎక్కువ హాని చేస్తుంది. బెల్టు మన ఒంట్లో గట్టి ఎముకల మీద, అంటే భుజం ఎముక, రొమ్ము ఎముక, తుంటి ఎముకల మీద బరువు పడేలా తయారైంది. చంక కిందికి దింపితే ఆ బరువంతా కింది పక్కటెముకల మీద పడుతుంది. అవి విరిగితే వాటి లోపల ఉండే కాలేయానికీ ప్లీహానికీ గాయం అవుతుంది, పై శరీరాన్ని పట్టి ఉంచేది ఏదీ లేక తల ముందుకు దూసుకుపోతుంది. మెడకు కాస్త ఒరుసుకోవడం వల్ల కలిగేది ఇబ్బంది మాత్రమే, దీనివల్ల కలిగేది ప్రాణాపాయం. బెల్టుకూ మెడకూ మధ్య పలచని నూలు గుడ్డ ఉంచుకోమనండి. సీటులో కొద్దిగా లోపలి వైపుకు జరిగి కూర్చున్నా పట్టీ భుజం మధ్యకు వస్తుంది. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా తొడల మొదట్లో తుంటి ఎముకలకు ఆని ఉండాలి, మెలిక పడకూడదు, చీరకుచ్చిళ్లు మందంగా ఉంటే వాటి కిందుగా సర్ది పెట్టుకోవాలి. మెత్తటి దిండు వేసుకుని కూర్చోవడం మాత్రం వద్దు. కుదుపులో దిండు నలిగి, మనిషి బెల్టు కిందుగా జారిపోతారు. సీటును బాగా వెనక్కి వాల్చి పడుకున్నా ఇదే జరుగుతుంది. బెల్టు పెట్టుకోకుండా హెచ్చరిక శబ్దం మాత్రం ఆపడానికి అమ్మే ఖాళీ క్లిప్పులు మీ ఇంట్లో ఉంటే చెత్తబుట్టలో వేయండి.

ముందు సీట్ల పక్కన, తలుపుల మధ్య స్తంభం మీద బెల్టు ఎత్తును తగ్గించే చిన్న సర్దుబాటు చాలా కార్లలో ఉంటుంది. చిన్న కార్ల వెనక సీట్లలో అది సాధారణంగా ఉండదు. మీ కారులో ముందు అది ఉంటే, మీవారు నడిపేటప్పుడు అత్తగారు ముందు సీట్లోకి, మీరు వెనక్కి మారండి. దీనివల్ల బాబు విషయంలో ఉన్న పెద్ద తప్పు కూడా సరిపోతుంది.

ఆ తప్పు ఎంత పెద్దదో ఒక లెక్కలో చూపిస్తాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికో గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. అందులో ఉన్న ప్రతి వస్తువూ ఆ కాస్సేపు తన బరువుకు దాదాపు 20 రెట్ల బలంతో ముందుకు తోసుకొస్తుంది. బాబు 9 కిలోలుంటే, మీ చేతులు ఆపవలసింది 180 కిలోలు. ఏ తల్లి చేతులూ దాన్ని ఆపలేవు. పైగా ముందు సీట్లో బిడ్డ మీకూ డ్యాష్‌బోర్డుకూ మధ్య ఉంటాడు, ఎయిర్‌బ్యాగు విచ్చుకునేదీ అక్కడే. బెల్టును మీ ఇద్దరి చుట్టూ కలిపి పెట్టుకోవడం ఇంకా ఘోరం, మీ బరువే బిడ్డను నలిపేస్తుంది.

కాబట్టి బాబుకు వెనక సీటులో, ముఖం బండి వెనక వైపుకు ఉండేలా బిగించే చైల్డ్ సీటు కొనండి. ఐక్యరాజ్యసమితి ఆర్129 ప్రమాణం 15 నెలలు నిండే దాకా బిడ్డను వెనక్కి తిప్పి కూర్చోబెట్టాలనే చెబుతుంది. అంతకన్నా ఎక్కువ కాలం ఉంచినా మంచిదే. పసివాళ్లకు తల బరువెక్కువ, మెడ బలహీనం. వెనక్కి తిరిగి ఉంటే దెబ్బ బలం వీపంతటా పరుచుకుంటుంది. అలాంటి సీటును ఎయిర్‌బ్యాగు పనిచేస్తున్న ముందు సీటులో ఎన్నడూ పెట్టకూడదు. ముందు సన్‌వైజర్ మీద ఎర్రగీతతో కొట్టేసిన బొమ్మ ఒకటి అతికించి ఉంటుంది, అది చెప్పేది ఇదే. పాపకు నాలుగేళ్లు కాబట్టి పట్టీలున్న ముందు చూపు సీటు కావాలి, కొంత పెరిగాక బూస్టరు, అంటే పెద్దవాళ్ల బెల్టు సరిగా కుదిరేలా పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టే సీటు, సరిపోతుంది. ఎత్తు 150 సెంటీమీటర్ల దరిదాపులకు వచ్చేదాకా పెద్దవాళ్ల బెల్టు ఒక్కటే పిల్లలకు సరిగా కుదరదు.

కొనే ముందు ఆ సీట్లను మీ కారులోనే పెట్టి చూడండి. చిన్న కార్లలో వెనక్కి తిరిగిన సీటు ఎక్కువ చోటు పట్టి ముందు సీటును ముందుకు నెడుతుంది. మీవారు పొడవు కాబట్టి ఆయన వెనక అది పట్టకపోవచ్చు. రెండో వైపు పెడితే అత్తగారి సీటు ఎంత ముందుకు వస్తుందో, ఆమెకూ డ్యాష్‌బోర్డుకూ ఎంత ఎడం మిగులుతుందో చూసుకోండి. రెండు పిల్లల సీట్ల మధ్య మీకు ఇరుకే. అయినా ఆ మధ్య సీటుకు నడుము పట్టీ ఒక్కటే కాకుండా భుజం పట్టీ కూడా ఉందో లేదో తప్పక చూడండి. చైల్డ్ సీటును నేరుగా కారుకు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు సాధారణంగా వెనక సీటు రెండు చివరలా, కూర్చునే భాగానికీ ఆనుకునే భాగానికీ మధ్య సందులో ఉంటాయి. సీటు కవరు వాటిని మూసేసి ఉంటే అక్కడ కత్తిరించుకోవలసిందే. బిగించాక సీటు అడుగుభాగం దగ్గర పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్లకు మించి కదలకూడదు. పట్టీలు పెట్టాక భుజం దగ్గర పట్టీని మీ వేళ్లతో మడత పట్టి చూడండి. మడత దొరికిందంటే ఇంకా బిగించాలి.

సీటు కవర్ల మాట వచ్చింది కాబట్టి, ముందు సీట్ల పక్క అంచు మీద ఎయిర్‌బ్యాగు అని రాసిన చిన్న గుడ్డముక్క కుట్టి ఉందేమో కవరు ఎత్తి చూడండి. ఉంటే మీ కారులో పక్క ఎయిర్‌బ్యాగు సీటులోనే ఉంది, అది ఆ కుట్టును చీల్చుకుని బయటికి రావాలి. చుట్టూ బిగించి కుట్టిన మామూలు కవరు దాన్ని ఆలస్యం చేస్తుంది లేదా దారి మళ్లిస్తుంది. అందుకోసం పక్కన తెరిచి ఉంచిన లేదా సులువుగా చిరిగే కుట్టు వేసిన కవర్లు దొరుకుతాయి, అవి దొరికేదాకా కవరు లేకుండానే ఉంచండి. సెంటు సీసా కూడా ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగు మూత మీద ఉందంటే అది విచ్చుకున్నప్పుడు ముందు కూర్చున్నవారి ముఖం మీదికి విసిరిన రాయి అవుతుంది. ఆ మూత మీద అతికించేవి, పెట్టేవి ఏవీ వద్దు, కాళ్లు చాపి పెట్టడం అసలే వద్దు. బండి తీయగానే ఎయిర్‌బ్యాగు గుర్తు ఎర్రగా వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే ఎయిర్‌బ్యాగు పనిచేయదేమోనని అనుకుని వెంటనే చూపించాలి.

ఫోన్ హోల్డరు రోడ్డును, ఎయిర్‌బ్యాగును అడ్డుకోని చోట ఉంటే అభ్యంతరం లేదు. అయితే 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. దారి చూపించే యాప్ మీదో, పాటల తెర మీదో రెండు సెకన్లు కన్ను పెట్టారంటే 33 మీటర్లు చూడకుండా నడిపినట్టు. దారి, పాట, ఏసీ అన్నీ బండి కదలక ముందే పెట్టుకోండి. ఇదే వేగంలో వదులుగా ఉన్న వస్తువు ఎంత దెబ్బ తీస్తుందో తెలియాలంటే, దాన్ని 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీది నుంచి, జారవిడిచినట్టు ఊహించుకోండి. డిక్కీ పైపలక మీద గొడుగులు, పుస్తకాలు, గట్టి బొమ్మలు పెట్టకూడదనేది అందుకే. అది చూడటానికి అరలాగే ఉంటుంది గాని ముందుకు పోకుండా ఆపే అంచు దానికి ఉండదు. బరువైన వస్తువులను డిక్కీ అడుగున, వెనక సీటుకు ఆనించి పెట్టండి. వెనక సీటును మడిచి మళ్లీ నిలబెట్టినప్పుడు అది లాక్ పడిందో లేదో ముందుకు గుంజి చూడండి. చాలా కార్లలో లాక్ పడకపోతే ఎర్రరంగు గుర్తు కనిపిస్తూ ఉంటుంది. గ్లవ్ బాక్సు మూత మాత్రం నడిచేటప్పుడు మూసే ఉండాలి, తెరిచి ఉంటే ముందు కూర్చున్నవారి మోకాళ్లకు అదే దెబ్బ.

పిల్లలున్న కారులో పవర్ విండోల గురించి కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి. డ్రైవరు తలుపు మీద మిగతా అద్దాల మీటలు పనిచేయకుండా ఆపే బటన్ ఉంటుంది, దాన్ని ఎప్పుడూ నొక్కే ఉంచండి. అద్దం ఎత్తేటప్పుడు వెనక్కి తిరిగి పిల్లల చేతులు ఎక్కడున్నాయో చూసి, నోటితో చెప్పి ఎత్తండి. ఏదైనా అడ్డొస్తే అద్దం దానంతటది దిగిపోయే ఏర్పాటు కొన్ని కార్లలో ఒక్క డ్రైవరు అద్దానికే ఉంటుంది, చిట్టచివరి కొద్దిపాటి ఖాళీలో సన్నని వేళ్లను అదీ గుర్తించకపోవచ్చు. వెనక తలుపులు తెరిస్తే వాటి అంచు మీద, లాక్ దగ్గర చైల్డ్ లాక్ మీట కనిపిస్తుంది. దాన్ని వేసి, తలుపు మూసి, లోపలి నుంచి తెరుచుకోవడం లేదని మీరే కూర్చుని పరీక్షించండి. అది వేసి ఉంటే వెనక ఉన్న పెద్దవాళ్లకూ తలుపు రాదని అత్తగారికి ముందే చెప్పండి, లేకపోతే అవసరం వచ్చినప్పుడు కంగారుపడతారు.

ఛార్జింగ్ సాకెట్‌లో పిల్లలు నాణేలు వేస్తారు, వాడనప్పుడు మూత పెట్టండి. దాని సామర్థ్యం మూత మీదో పక్కనో రాసి ఉంటుంది, చాలా కార్లలో అది 120 వాట్లు, దాన్ని మించిన పరికరం పెడితే ఫ్యూజు పోతుంది. వర్షంలో అద్దాలు ఆవిరి పడితే ఏసీ వేసి, గాలిని ముందు అద్దం వైపుకు తిప్పి, లోపలి గాలే తిరిగే బటన్‌ను తీసేసి బయటి గాలి రానివ్వండి. చాలామంది దీనికి సరిగ్గా వ్యతిరేకం చేసి గుడ్డతో తుడుచుకుంటూ నడుపుతారు. దూర ప్రయాణంలో లోపలి గాలినే గంటలకొద్దీ తిప్పితే కునుకు కూడా వస్తుంది.

ఏసీ వేసి పిల్లలను ఐదు నిమిషాలు వదిలి వెళ్లవచ్చా అని అడిగారు. వద్దు, ఒక్క నిమిషం కూడా వద్దు. ఇంజను నడుస్తున్న కారులో నాలుగేళ్ల పాప గేరునూ హ్యాండ్ బ్రేకునూ అందుకోగలదు. తాళంచెవి లోపల ఉండగా తలుపులు లాక్ పడిపోవచ్చు. ఇంజను ఎప్పుడైనా ఆగిపోవచ్చు, ఆగితే ఏసీ ఆగిపోతుంది. ఎండలో నిలిపిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది, అద్దాలు వేలెడంత దించినా పెద్ద తేడా ఉండదు. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కన్నా మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. నిద్రపోతున్న బాబును లేపాలంటే బాధగానే ఉంటుంది, అయినా ఎత్తుకుని దిగండి. ఎక్కేటప్పుడు మీ చేతిసంచిని ముందు కాకుండా వెనక సీటు దగ్గర పెట్టుకుంటే, దిగేటప్పుడు ఎంత హడావిడిలో ఉన్నా వెనక తలుపు తెరవక తప్పదు.